పొరపొరగా పూడ్చిన గొయ్యి

మధ్యాహ్నం రెండూ పదికి ఆసుపత్రి మూడో అంతస్తు వరండాలో నా క్లయింటు ఎదురుగా కూర్చున్నాను. ఆమెను అరెస్టు చేయడానికి ఇంకా రెండు గంటల యాభై నిమిషాలే ఉంది. అరెస్టు చేయబోయే ఇన్‌స్పెక్టరు మా తోడికోడలు.

"గురువారం సంగతి మళ్ళీ ఒకసారి చెప్పండి. టైములతో సహా," అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటారండీ? అయిదూ పదికి గేటు దగ్గర సంతకం పెట్టి లోపలికెళ్ళాను. ఆయన గదిలో కూర్చున్నాను. ఎనిమిదీ అయిదుకి బయటికొచ్చేశాను. అంతే."

ఆయనంటే ఆమె భర్త. నేలల సర్వే ఆఫీసులో అందరూ మట్టి డాక్టరు అని పిలిచే మనిషి. ఇప్పుడు మా వెనక గదిలో తలకు కట్టుతో, తెలివి లేకుండా పడున్నాడు. శుక్రవారం పొద్దున ఆరుంపావుకి ల్యాబు వెనక మెట్లమీద వాచ్‌మన్ అతన్ని చూశాడు. తలమీద వెనకనుంచి దెబ్బ. ఆ పక్కనే, ల్యాబు వెనక ఇసుక నేలలో అతను పద్నాలుగు రోజులుగా తవ్వుతున్న గొయ్యి రాత్రికి రాత్రి పూడిపోయి ఉంది.

"మూడు గంటలు ఒక్కరే ఏం చేశారు?"

"గోడ గడియారం చూశాను. మీ ఆయన కోసం మీరెప్పుడూ చూడలేదా?"

చూశాను. అది ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

"గొయ్యి దగ్గరికి వెళ్ళలేదా?"

"నేనెందుకు వెళ్తాను? తెల్లారితే దాంట్లోకి దిగడం, పొద్దుగూకితే పైకి రావడం. ఇంటికొస్తే ఒంటినిండా ఇసుక, నోటినిండా దాని కబుర్లు. 'ఇవాళ ఎంత బాగుందో తెలుసా, చెయ్యి వేస్తే చల్లగా తగిలింది' అంటారు. ఎవరి గురించండీ? గొయ్యి గురించి! పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయింది, నా గురించి ఒక్కసారి అలా అన్న పాపాన పోలేదు. మనిషైతే సవతి అనుకుని జుట్టు పట్టుకునేదాన్ని. గోతికి జుట్టెక్కడుంటుంది?"

నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"మరి జల్లెడ మేడమ్?"

ఆమె పెదవులు బిగుసుకున్నాయి. సర్వే ఆఫీసులో ఇసుకను జల్లించి రేణువుల కొలతలు తీసే ఆవిడకు ఆ పేరు స్థిరపడిపోయింది.

"ఆవిడ సంగతి ఎందుకు లెండి. ఫ్లాస్కులో టీ పోసుకొచ్చి గోతి గట్టుమీద కూర్చుంటుంది. గుప్పెడు ఇసుక మధ్యలో పెట్టుకుని ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకుంటారు. నాతో ఉప్పు డబ్బా గురించి కూడా మాట్లాడరు."

"'ఆ గొయ్యి పూడ్చిపారేస్తాను' అని బుధవారం గేటు దగ్గర అరిచారట?"

"అరిచాను. అరిచినవన్నీ చేసేదాన్నయితే ఈపాటికి మా వంటింట్లో ఒక్క గిన్నె మిగిలేది కాదు." వెనక గది తలుపు వైపు చూసి, "మీరు నన్ను బయటపడేస్తారు కదండీ?" అంది. "జైలుకెళ్తే ఈయన్ను ఎవరు చూస్తారు?"

"బయటపడేస్తాను," అన్నాను.

ఆమె కోసం ఎంత అన్నానో, ఇన్‌స్పెక్టరు మీద కసితో ఎంత అన్నానో కచ్చితంగా చెప్పలేను. పోలీసు శాఖలో మొదట చేరింది నేను. పాపకు మూడేళ్ళు నిండేదాకా ఇంట్లో ఉందామని రాజీనామా ఇచ్చాను, తరవాత లాయరునయ్యాను. నేను వదిలేసిన ఏడాదే ఆమె చేరింది. ఇప్పుడు మా అత్తగారు ఇంటికి ఎవరొచ్చినా "మా చిన్నకోడలు" అని మొదలుపెట్టి, పేపర్లో పడిన ఫోటో చూపించి, చివర నావైపు తిరిగి, "ఆ, ఇది పెద్దది" అంటుంది. నాకొచ్చిన పతకం పాత తాళంచెవుల డబ్బాలో ఉంది.

భర్త గదిలోకి ఆమెను వెళ్ళనివ్వొద్దని ఇన్‌స్పెక్టరు ఆర్డరు. సాయంత్రంలోపు అతనికి తెలివి రావచ్చని డాక్టర్లన్నారు. నేను అక్కడినుంచే ఫోన్ చేశాను.

"ఆయన కళ్ళు తెరిస్తే ముందు కనిపించాల్సింది భార్య ముఖం. నీ కానిస్టేబుల్ మీసాలు కాదు," అన్నాను.

"అక్కా, ఆవిడ ముద్దాయి."

"ముద్దాయో కాదో అయిదింటికి తేలుతుంది. అప్పటిదాకా భార్యే. నీ మొగుడు అలా పడుంటే నిన్ను బయట బెంచీమీద కూర్చోబెడితే ఒప్పుకుంటావా?"

"సరే. అయిదు దాకా. లోపల నర్సు, గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఉంటారు."

నా క్లయింటు నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

* * *

మూడింటికి పది నిమిషాల ముందు గొయ్యి దగ్గరికి చేరాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు. దెబ్బ కొట్టిన వస్తువు లోపల పడేశారేమోనని పోలీసులు నిన్న సగం గొయ్యి మళ్ళీ తవ్వారు. ఏమీ దొరకలేదు. మిగతా సగం పూడ్చింది పూడ్చినట్టే ఉంది. తవ్విన కానిస్టేబుల్ పనిమంతుడు. జున్నుముక్క కోసినట్టు, నిలువుగా కోసి వదిలేశాడు.

"త్వరగా చూసుకో అక్కా," అంది మా తోడికోడలు. యూనిఫారం మడత నలగలేదు. "ఇవాళ ఇద్దరం ఒకే కేసులో ఉన్నామని అత్తయ్యకు చెప్పాను. తెగ సంతోషపడింది."

"నన్నేమంది?"

"'దాన్ని నీకు అడ్డం రావొద్దని చెప్పు' అంది."

నేను గోతిలోకి దిగాను.

"ఆరు గంటలకు డాక్టరు ఈ గట్టుమీదే నిక్షేపంగా ఉన్నాడు. చూసింది జల్లెడ మేడమ్," అన్నాను కిందనుంచి. "నా క్లయింటు ఎనిమిదీ అయిదుకి గేటు దాటింది. రెండు గంటల అయిదు నిమిషాలు. ఇక్కడున్న ఇసుక నాలుగు టన్నులు. రోజూ పార పట్టేవాడికే మూడు గంటలు పడుతుంది. ఆవిడ చేతులు చూశావా? ఒక్క బొబ్బ లేదు."

"గ్లౌజులుంటే బొబ్బలెందుకొస్తాయి?"

"గ్లౌజులు నాలుగు టన్నులు మోస్తాయా?"

"సాయం ఉండొచ్చు."

"ఎవరు?"

"అదే అయిదింటికి ఆవిణ్ణి అడగబోతున్నాను." నవ్వింది. ఆ నవ్వే పేపర్లో పడింది.

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. కోసి వదిలేసిన ఇసుక గోడ నా ముక్కుకు ఎదురుగా ఉంది. పైనుంచి అడుగున్నర దాకా ఎర్ర ఇసుక. దాని కింద మూడున్నర అడుగుల దాకా వెలిసిన పసుపు. ఆ కింద సున్నం కలిపినట్టు తెల్లటి ఇసుక, మధ్యమధ్య సున్నపు గడ్డలు. మూడు పట్టీలు, గీత గీసినట్టు.

"ఇది పూడ్చిన ఇసుకేనా, తవ్వని నేలా?" అని అడిగాను. చెప్పగలిగినావిడ జల్లెడ మేడమ్. కబురు పంపితే అయిదు నిమిషాల్లో వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా, కళ్ళజోడుకు తాడు కట్టుకుని. ఈమె మీదేనా నా క్లయింటుకంత అసూయ అనుకున్నాను. తరవాత ఆమె ఇసుక ముట్టుకోవడం చూశాను. పసిబిడ్డ ఒళ్ళు వేడిగా ఉందేమో చూసినట్టు, వేళ్ళ వెనకవైపుతో. అప్పుడర్థమైంది.

ఆమె పెన్సిలు తీసి గోడలోకి నొక్కింది. సగం దిగబడింది. పక్కనున్న తవ్వని నేలలో తెల్లపొర మీద నొక్కితే మొన విరిగింది.

"పూడ్చిందేనండీ. వదులుగా ఉంది. గడ్డి వేళ్ళు కూడా తెగిపోయి ఉన్నాయి చూడండి." చిన్న సీసాలోంచి యాసిడ్ చుక్కలు వేసింది. ఎర్ర ఇసుక మీద చుక్క ఊరికే ఇంకిపోయింది. పసుపు మీద నాలుగు బుడగలు. తెల్లదాని మీద సోడా మూత తీసినట్టు బుసబుసమంది. "సున్నం ఉన్నచోటే ఇలా పొంగుతుంది. అచ్చం డాక్టరు గారు రాసుకున్న వరసే ఇది."

"తవ్విన ఇసుక ఆయన ఎక్కడ పోశారు?"

"మూడు కుప్పలుగా. ఎర్రది గట్టు పక్కనే, పసుపుది దాని వెనక, తెల్లది కంచె దగ్గర. ఒకదాంట్లో ఒకటి కలిస్తే ఆయన ఊరుకోరు."

కంచె అక్కడికి ఇరవై అడుగులుంది. నేను పైకెక్కి మా తోడికోడలి పక్కన నిలబడ్డాను.

"కోపంలో ఉన్న మనిషి కాళ్ళ దగ్గరున్న కుప్ప ముందు తోస్తుంది. అలా తోస్తే ఎర్రది అడుక్కి పోవాలి. ఇక్కడ అన్నిటికన్నా దూరంగా ఉన్న తెల్లది ముందు పడింది. తరవాత పసుపు. చివర ఎర్రది. పైగా ప్రతి వరసా తొక్కి చదును చేశారు. కోపంలో అల్మారా సర్దిన ఆడదాన్ని నువ్వెక్కడైనా చూశావా?"

ఆమె ముఖంలో ఒక్క క్షణం ఏదో జారింది. నాకెంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గేస్తోంది.

"అంటే పూడ్చింది ఈ ఆఫీసు మనిషి," అంది.

"నేలలు తెలిసిన మనిషి."

"ఈవిడకీ తెలుసుగా?" అంది జల్లెడ మేడమ్‌ను చూపించి.

"ఆరూ అయిదు బస్సెక్కానండీ. కండక్టరు మా మరిది. అడగండి," అంది ఆమె కళ్ళజోడు సరిచేసుకుంటూ. "అయినా డాక్టరు గారి గొయ్యి నేను పూడుస్తానా? పదకొండేళ్ళుగా ఆయన తెచ్చిన ఇసుకే నేను జల్లిస్తున్నాను."

* * *

మూడూ ఇరవై అయిదుకి డైరెక్టరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. గట్టుమీద వంగి గుప్పెడు ఇసుక తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జార్చాడు.

"చూశారా? తడిపి పిసికినా ఉండ కట్టదు. రేణువులు గాలికి దొర్లి దొర్లి గుండ్రబడ్డాయి. నీళ్ళు పోస్తే నిమిషంలో కిందికి పోతాయి. సారం లేదు. అసలు దీన్ని నేల అనడమే ఎక్కువ. గాలి తెచ్చి పోసింది, రేపు గాలే ఎత్తుకుపోతుంది. పొర కట్టని కొత్త ఇసుక. అదీ దీని తరగతి. అయిదేళ్ళ కింద మ్యాపు మీద నా చేత్తో రంగు వేశాను."

"డాక్టరు గారు కాదన్నారట?"

"అన్నాడు. కింద సున్నపు పొర ఉందన్నాడు. అదే ఉంటే ఇది పాత నేల అవుతుంది. ఒకప్పుడు ఇక్కడ వానలు బాగా పడి, నీళ్ళు పైనున్న సున్నాన్ని కరిగించి కిందికి తీసుకుపోయి వదిలాయన్నమాట. తరగతే మారిపోతుంది. మ్యాపంతా మళ్ళీ వెయ్యాలి."

"ఆయన పేరు మీద."

అతను చేతులు దులుపుకున్నాడు. "మేమిద్దరం కాలేజీలో ఒకే బెంచీ అండీ. నాకు మొదటి ర్యాంకు వచ్చిన ఏడాది అతనికి టైఫాయిడ్ వచ్చింది. ఇప్పటికీ అందరికీ టైఫాయిడే గుర్తుంది, నా ర్యాంకు కాదు."

మా తోడికోడలు నావైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

"గురువారం ఎన్నింటికి వెళ్ళారు?"

"నాలుగున్నర. గేటు పుస్తకంలో ఉంది."

"ఈ వెనక కంచె తలుపుకు పుస్తకం ఉందా?"

"లేదు. తాళాలు రెండు. అతని దగ్గరొకటి, నా దగ్గరొకటి. నేను ఇంటికెళ్ళి పడుకున్నాను. తలనొప్పి."

"ఎవరైనా చూశారా?"

"తలనొప్పిని ఎవరు చూస్తారండీ?"

"ఈ గొయ్యి మీరు పూడిస్తే ఏ కుప్ప ముందు వేస్తారు?"

"ఏదైతే ఏం? అంతా ఒకటే ఇసుక."

ఆ మాటంటూ కోసిన గోడవైపు చూశాడు. పక్కింటి పిల్లాడి మార్కుల కాగితం చేతికిస్తే చూసినట్టు, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి, పసుపు తెలుపు కలిసే చోట గీత సరిచేయబోయి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోలీసులు తవ్వినప్పుడు పైది కిందికి జారి అలా కనిపిస్తోంది," అన్నాడు.

"పైది జారితే అడుగున ఎర్రది ఉండాలి కదా సార్," అంది జల్లెడ మేడమ్, మెల్లగా. "తెల్లదెలా ఉంది?"

"నీ పని జల్లించడం. తరగతులు తేల్చడం కాదు," అని విసురుగా తన గదికి వెళ్ళిపోయాడు. మా తోడికోడలు కనుసైగ చేస్తే ఒక కానిస్టేబుల్ అతని వెనకే వెళ్ళాడు.

"ఏదో దాస్తున్నాడు," అంది. "కానీ ఇసుక వరస చూపించి డైరెక్టర్ని లోపలేయమంటావా? మేజిస్ట్రేటు నవ్వుతాడు. నాకు భార్య చాలు. అరిచింది, వచ్చింది, మూడు గంటలు ఉంది."

"భార్య చాలని కాదు. భార్యయితే నీకు సులువు."

"నేను చెప్పింది తప్పని తేలితే నీకు ఆనందం. అందుకే వచ్చావు. అవునా కాదా అక్కా?"

కాదనలేకపోయాను. జల్లెడ మేడమ్ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి దగ్గింది.

"ఒక మాట చెప్పనా అండీ? గొయ్యి ఇలా వరసగా పూడ్చేది మళ్ళీ తెరవాలనుకున్నప్పుడే. అలా మూసినప్పుడు అడుగున సీసాలో చీటీ పెట్టడం మా పద్ధతి. ఎవరు చూశారు, ఎవరు పూడ్చారు, ఏ రోజు, ఎన్నింటికి. అన్నీ రాస్తాం."

"మనిషి తల పగలగొట్టి చీటీ కూడా రాసి పెడతాడా?" మా తోడికోడలు నవ్వింది.

"తవ్వించు," అన్నాను. "దొరక్కపోతే అయిదింటికి నువ్వు జీపు తలుపు తియ్యి, నా క్లయింటును నేనే ఎక్కిస్తాను."

ఆమె నన్ను ఒక్క క్షణం పరీక్షగా చూసి, పార పట్టుకున్న కానిస్టేబుల్‌కు తల ఊపింది.

* * *

నాలుగూ పదిహేనుకి పారకు ప్లాస్టిక్ తగిలింది. తవ్వని గోడకు ఆనించి, పైనుంచి కిందిదాకా ఒక షీటు పరిచి మేకులు కొట్టి ఉంది. పొరలు చెదరకుండా. దాచుకోవడానికి. జల్లెడ మేడమ్ నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

నాలుగూ ఇరవై రెండుకి, సరిగ్గా అయిదడుగుల లోతులో, మూతికి మైనం వేసిన సీసా దొరికింది.

మా తోడికోడలు గ్లౌజు తొడుక్కుని చీటీ బయటికి తీసింది. అచ్చువేసిన ఫారం. గడులు గడులుగా. నల్లసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలు.

"సార్ దస్తూరీ," అంది జల్లెడ మేడమ్.

తేదీ గురువారానిది. వేళ, సాయంత్రం ఆరున్నర. పరిశీలించినవారు అన్నచోట డైరెక్టరు పేరు, సంతకం. తరగతి అన్న గడిలో, 'అడుగున సున్నపు పొర కట్టిన పాత ఎడారి నేల.'

అయిదేళ్ళుగా నోటితో లేదన్న పొరను చేత్తో రాసి సంతకం పెట్టాడు. నాలుగు నెలలో ఆరు నెలలో ఆగి, తానే తవ్వి, తానే కనిపెట్టినట్టు చూపించుకోవడానికి.

"తేదీ ఎందుకు రాశాడు?" అంది మా తోడికోడలు. ఆమె గొంతు తగ్గింది. "అబద్ధం రాయొచ్చుగా? ఖాళీగా వదిలేయొచ్చుగా?"

"ఒక్క గడి ఖాళీ ఉన్నా గొయ్యి చెల్లదండీ. ఒక్క తప్పు రాసినా చెల్లదు. ఆ రూలు పెట్టింది సారే," అంది జల్లెడ మేడమ్. "పోయినేడు డాక్టరు గారి గోతులు రెండు అలాగే కొట్టేశారు. ఒకదాంట్లో వేళ రాయలేదని. స్నేహితుణ్ణి కొట్టడానికి చెయ్యొచ్చింది గానీ, చీటీలో తప్పు రాయడానికి రాలేదన్నమాట."

నేను గట్టుమీద కూర్చున్నాను. గెలిచాను. ఇంటికెళ్ళి అత్తగారి ముందు ఈ సంగతి ఏ మాటతో మొదలుపెట్టాలా అని అప్పుడే కూడబలుక్కుంటున్నాను. అత్తగారు ఫోటో వంక చూసే చూపు కూడా ఊహించుకున్నాను.

"అక్కా." మా తోడికోడలు చీటీ నావైపు తిప్పింది. ఆమె ముఖంలో ఓడిపోయినట్టూ లేదు, గెలిచినట్టూ లేదు. "ఇంకో గడి ఉంది."

'పూడ్చినవారు: స్వయంగా. సహాయం:'

దాని ఎదురుగా నా క్లయింటు పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా ఉంది.

రెండుసార్లు చదివాను. ఖాళీ ఉంచకూడదని రాశాడో, ఆమెను గుప్పిట్లో పెట్టుకోవడానికి రాశాడో తెలియదు. కానీ రాసింది అబద్ధం కాదు. నాలుగు టన్నుల ఇసుక ఒక్కరికి మూడు గంటల పని. ఇద్దరైతే గంటన్నర: ఆరున్నరకి సీసా అడుగున పెట్టి మొదలుపెడితే ఎనిమిదికి అయిపోతుంది, ఎనిమిదీ అయిదుకి ఆమె గేటు దాటింది. ఆమెను విడిపించడానికి నేను వేసిన లెక్కే అది. సాయం ఉండొచ్చని మా తోడికోడలు మొదటే అంది.

దెబ్బ ఎవరు కొట్టారో చీటీలో లేదు. అది చెప్పగలిగినవాడు ఒక్కడే.

ఇద్దరం ఒకేసారి టైము చూశాం. నాలుగూ ముప్ఫై. ఆమె అప్పటికే ఫోన్ తీసి స్పీకరు పెట్టింది.

"ఆయనకు ఇప్పుడే తెలివొచ్చింది మేడమ్," అన్నాడు ఆసుపత్రి కానిస్టేబుల్ సంతోషంగా. "అయిదు నిమిషాలైంది."

"లోపల ఎవరున్నారు?"

"భార్యగారండీ."

"నర్సు?"

"ఆవిడ కాళ్ళావేళ్ళా పడి ఏడ్చారండీ, కాసేపు మా ఇద్దర్నీ వదిలేయండని. అయిదు దాకా మీరే పర్మిషన్ ఇచ్చారు కదా అని నర్సమ్మ బయటికొచ్చింది."

"తలుపు తియ్యి. వెంటనే లోపలికెళ్ళు."

గొళ్ళెం ఆడిన చప్పుడు. మళ్ళీ ఒకసారి.

"లోపల గడియ పెట్టుకున్నట్టున్నారు మేడమ్."

ఆమె జీపు వైపు పరిగెత్తింది. నీ మాట విన్నందుకే కదా ఇలా అయింది అంటుందని ఎదురుచూశాను. అనలేదు. అవతలి తలుపు నెట్టి తెరిచి, "ఎక్కు అక్కా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఫోన్ నా ఒళ్ళో పడేసి బండి నడపడం మొదలుపెట్టింది. కానిస్టేబుల్ రెండు చేతులతో తలుపు బాదుతున్నాడు. అమ్మా, అమ్మా అని పిలుస్తున్నాడు. లోపలినుంచి ఎవరూ పలకడం లేదు.